రాక్షసుడికి పులితల ఎలా వచ్చింది?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో ఫాంటసీ నవలల మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. యోధుడు, మాంత్రికుడు, దొంగ, వైద్యుడు జట్టుకట్టి బయల్దేరడం, మంత్రాలకు లెక్కలుండటం, హీరో మెట్టు మెట్టుగా ‘లెవెల్’ పెరగడం, ఇవన్నీ ఈ కాలపు నవలలకు వీడియో గేముల నుంచి అంటుకున్నాయని వ్యాసకర్త ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యంతోనే నా పేచీ. ఈ మూడూ వీడియో గేముల సొంతం కావు. వాటికీ ఇవి బల్ల చుట్టూ కూర్చుని, కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే రోల్‌ప్లేయింగ్ ఆట నుంచే వచ్చాయి. ఆ ఆట ఫాంటసీ రాతకు చేసిన మేలు, చేసిన చేటు వివరంగా చెప్పుకోదగ్గవి. ఉత్తరం పొడుగైనందుకు మన్నించాలి.

ఆట చూడనివాళ్ల కోసం ముందు అదెలా ఉంటుందో చెబుతాను. నలుగురైదుగురు కూర్చుంటారు. వాళ్లలో ఒకరు కథ నడుపుతారు, ఆయన గేమ్ మాస్టర్. మిగిలినవాళ్లకు తలా ఒక పాత్ర. పాత్ర బలం, చురుకు, తెలివి వంటివి ఒక కాగితం మీద అంకెల్లో ఉంటాయి. ‘‘ఎదురుగా పాడుబడ్డ మండపం. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి నూనె కాలిన వాసన’’ అంటారు గేమ్ మాస్టర్. ‘‘తలుపు తొయ్యను. కింది సందులోంచి చూస్తా’’ అంటుంది ఒకామె. జరుగుతుందో లేదో అనుమానం ఉన్నచోటే పాచిక పడుతుంది. 20 ముఖాల పాచిక వేసి, ఆ పాత్ర నేర్పు అంకెను కలుపుతారు. మాస్టర్ మనసులో పెట్టుకున్న అంకె 15, ఆమె నేర్పు 4 అనుకుంటే, పాచిక మీద 11 గానీ అంతకు మించి గానీ పడాలి. అంటే సరిగ్గా సగం అవకాశం. పడకపోతే లోపలివాడు ఆమె నీడ చూస్తాడు. కథ అటు తిరుగుతుంది, అలా తిరుగుతుందని మాస్టరుకు కూడా ముందు తెలియదు.

అవధానం చూసినవాళ్లకు ఈ అమరిక కొత్తగా తోచదు. పృచ్ఛకులు తలో వైపు నుంచి అడ్డం వస్తుంటే, ఒకరు అక్షరం నిషేధిస్తుంటే, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్లిస్తుంటే, అవధాని అప్పటికప్పుడు పద్యం కట్టాలి. ఛందస్సు మాత్రం తప్పకూడదు. ఇక్కడ మాస్టర్ స్థానం అవధానిది, ఆటగాళ్లందరూ పృచ్ఛకులే, పాచిక ఛందస్సు. రచయిత ఒంటరిగా రాసేటప్పుడు ఈ అడ్డు చెప్పేవాళ్లు ఉండరు. ఈ ఆట ఫాంటసీ రాతకు నేర్పిన పాఠాల్లో సగం ఆ అడ్డు వల్ల వచ్చినవే.

పుట్టుక గురించి క్లుప్తంగా చెబుతాను. సైన్యాల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడల నుంచి ఈ ఆట వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి దాన్ని విడుదల చేశారు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు, మొదటి ముద్రణ 1000 ప్రతులు. అప్పుడు పాత్రల తరగతులు మూడే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. దొంగ 1975లో అనుబంధ పుస్తకంలో చేరాడు.

ఆ పూజారి వచ్చిన దారి చూడండి. ఆర్నెసన్ బల్ల దగ్గర ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచి. అతన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. అతనికి విరుగుడుగా పిశాచాలను తరిమే పూజారి తరగతిని కల్పించారు. గాయాలు మాన్పే శక్తి కూడా ఆ పాత్రకే అంటుకుంది. ఇవాళ నవలల్లో దేవుణ్ణి తలచుకుని గాయాలు మాన్పే జట్టు సభ్యురాలు కనిపిస్తే, ఆమె మూలపురుషుడు ఒక బల్ల దగ్గర తలెత్తిన తగాదాకు పరిష్కారంగా పుట్టినవాడని గుర్తుపెట్టుకోవాలి. పురాణంలోనో జానపదంలోనో వెతికితే ఆ రూపంలో దొరకడు.

ఈ ఆటలోనివన్నీ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన ఆంగ్ల ఆచార్యుడు టోల్కీన్ నుంచే వచ్చాయని చాలామంది నమ్మకం. టోల్కీన్‌కు ఆట బాకీ ఉన్నమాట నిజమే. 1974 పుస్తకాల్లో, ఆయన కల్పించిన పొట్టి మనుషుల జాతి పేరు ‘హాబిట్’ అనే మాటే ఉండేది. హక్కుదారుల అభ్యంతరంతో తర్వాత అది ‘హాఫ్‌లింగ్’ అయింది. కానీ 1979లో గైగాక్స్ తన మార్గదర్శి పుస్తకం చివర, తనను ప్రభావితం చేసిన రచయితల పట్టీ ఇచ్చారు. అందులో టోల్కీన్ ఒక పేరు మాత్రమే. అన్నిటికన్నా దగ్గరి ప్రభావమని విడిగా చెప్పిన వాళ్లలో రాబర్ట్ హోవర్డ్, ఫ్రిట్జ్ లైబర్, జాక్ వాన్స్, లవ్‌క్రాఫ్ట్ వంటివాళ్లున్నారు, టోల్కీన్ లేరు. నరికినా మళ్లీ అతుక్కునే ‘ట్రోల్’ అనే భూతం పోల్ ఆండర్సన్ నవల నుంచి వచ్చింది. మాంత్రికుడి లెక్క వాన్స్‌ది. 1950లో వచ్చిన ఆయన కథల పుస్తకంలో మాంత్రికుడి బుర్రలో కొన్ని మంత్రాలే పడతాయి. ఒకటి ఉచ్చరించగానే అది మరుపున పడుతుంది, మళ్లీ పుస్తకం తీసి కంఠతా పట్టాల్సిందే. గైగాక్స్ దాన్ని నియమం చేశారు. మొదటి లెవెల్ మాంత్రికుడికి రోజుకు ఒక్కటే మంత్రం. కవచం తొడగరాదు. కత్తి పట్టరాదు, బాకు చాలు.

ఆ ఒక్క నియమం నుంచే జట్టు పుట్టింది. రోజుకు ఒక్క మంత్రం ఉన్నవాడు ఒంటరిగా గుహలోకి వెళ్లలేడు, ముందు ఒక యోధుడు నిలబడాలి. యోధుడికి తాళాలు తీయడం రాదు, దొంగ కావాలి. ఒక్కొక్కరిలో ఒక్కో లోటు పెట్టారు కాబట్టే నలుగురు కలిశారు. మన జానపదంలో రాజకుమారుడు, మంత్రి కొడుకు కలిసి వెళ్లడం వేరే తీరు. అక్కడ వాళ్లను కలిపేది స్నేహం. ఇక్కడ కలిపేది అవసరం. కలిసే కారణం మారితే తగవులూ మారతాయి. స్నేహంతో కలిసినవాళ్లను విడదీయడానికి ద్రోహం కావాలి. అవసరం కొద్దీ కలిసినవాళ్లు సొమ్ము పంచుకునేటప్పుడే విడిపోగలరు.

ఇక నా అసలు మాట. ఆటలో నియమం దేనికి ప్రతిఫలం ఇస్తుందో కథ అటే నడుస్తుంది. దీనికి తిరుగులేని సాక్ష్యం బంగారం లెక్క.

తొలి ఏళ్లలో గుహలోంచి బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి, లెవెల్ పెరగడానికి లెక్కపెట్టే అనుభవ పాయింటు ఒక్కోటి. యోధుడు రెండో లెవెల్ చేరాలంటే 2000 పాయింట్లు. 1981 నాటి ‘బేసిక్’ నియమాల్లో గాబ్లిన్ అనే చిన్న పిశాచాన్ని ఒకదాన్ని చంపితే వచ్చేవి 5. అంటే 400 గాబ్లిన్లను చంపాలి, లేదా 2000 నాణేలున్న ఒక్క పెట్టె బయటికి తేవాలి. బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? గాబ్లిన్లు నిద్రపోయేదాకా ఆగుతాడు. అయితే పది నాణేలు ఒక పౌను బరువు. 2000 నాణేలంటే 200 పౌన్లు, దాదాపు 90 కిలోలు. మోయడానికి కూలీలు కావాలి, గాడిద కావాలి. గాడిద నిచ్చెన దిగదు, తాడు కావాలి. కాగడా గంటసేపు వెలుగుతుంది, నూనె దీపం నాలుగు గంటలు. గుహలో ప్రతి 20 నిమిషాలకోసారి మాస్టర్ ఆరు ముఖాల పాచిక వేస్తాడు. 1 పడితే ఏదో ఒకటి అటుగా వస్తుంది. ఒక్క కాగడా కాలేలోపు మూడుసార్లు వేయాలి, కాబట్టి కనీసం ఒకసారైనా ప్రమాదం ఎదురయ్యే అవకాశం 100కి 42. పెట్టె తాళం తీయడానికి ఇంకో పది నిమిషాలు ఆగాలా, వద్దా? ఈ ప్రశ్నలో కథంతా ఉంది. కత్తి దూయకుండానే ఊపిరి బిగపట్టిస్తుంది.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ నాటికి ఈ బంగారం లెక్క పోయింది. పాయింట్లు ఎదురైన ప్రమాదాన్ని జయించినందుకే వస్తాయి. ప్రమాదం అంటే ఎక్కువ చోట్ల పోరాటమే. కాగడా, బరువు, గాడిద నియమాల పుస్తకంలో ఉన్నా బల్ల మీద ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఆటల్లో పోరాటం పెరిగింది. ఆ ఆటలు ఆడి రాయడం మొదలుపెట్టినవాళ్ల నవలల్లో అధ్యాయానికో పోరాటం చేరింది. రచయితలకు రక్తదాహం ఎక్కువై కాదు, వాళ్లు నేర్చుకున్న చోట ప్రతిఫలం దానికే ఉంది. ఏదైనా ఫాంటసీ నవల విసుగనిపిస్తే, ఇందులో పాత్రలు దేనికి పాయింట్లు సంపాదిస్తున్నాయని అడగండి. లోపం ఎక్కడుందో దొరుకుతుంది.

ఈ ప్రశ్న అంకెల మోజుకూ వర్తిస్తుంది. ఆటలో దెబ్బ తట్టుకునే శక్తికి అంకె ఉంటుంది. అంకె ఉన్నదాన్ని సున్నా చేయవచ్చు. 1980లో వచ్చిన ఒక పుస్తకంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు వంటి మన దేవతలకు కూడా ఆ అంకెలు వేశారు. ఇది భక్తి మాట కాదు, రాతకు సంబంధించిన మాట. అంకె వేసిన క్షణం దేవుడు పెద్ద శత్రువు అవుతాడు. భయం, విస్మయం పోయి, ఎంతమంది కలిస్తే పడగొట్టవచ్చన్న కూడిక మిగులుతుంది. జపాన్‌లో వెబ్ నవలల వెల్లువలో పాత్ర కళ్లముందు అంకెల పలక తెరుచుకునే పద్ధతి దీని మనవడే. బల్ల ఆట నుంచి 1980ల కంప్యూటర్ ఆటలకు, వాటి నుంచి జపాన్ ఆటలకు, వాటి నుంచి నవలలకు ఆ పద్ధతి పాకింది.

బల్ల నుంచి నేరుగా పుట్టిన నవలలు తక్కువేం కాదు. రేమండ్ ఫైస్ట్ రాయగా 1982లో వచ్చిన ‘మెజీషియన్’ లోకం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాన్ డియెగో శాఖ మిత్రబృందం ఆడుకున్న లోకం. స్టీవెన్ ఎరిక్సన్, ఇయన్ ఎస్లెమాంట్ 1982 నుంచి తాము ఆడిన లోకాన్నే తర్వాత మలాజాన్ నవలలుగా రాశారు. మొదటిది 1999లో వచ్చింది. ఇద్దరూ పురావస్తు శాస్త్రం చదివినవాళ్లు. ఏ పాత్ర ఎవరో చెప్పకుండా పాఠకుణ్ణి యుద్ధం నడుమ దింపేయడం ఆ నవలల తీరు. ఆ పాత్రల గతం నిజంగానే ఎక్కడో ఆడి ఉంది, అందుకే చెప్పకపోయినా బరువు తెలుస్తుంది.

నేర్చుకోవాల్సింది ఎక్కువ ఉన్నది మాత్రం డ్రాగన్‌లాన్స్‌లో. 1984లో ఆ పేరుతో ఆట పుస్తకాలు, నవలలు పక్కపక్కనే వచ్చాయి. నవలలు మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ రాశారు. అందులో రెయిస్ట్లిన్ అనే బక్కపలచని మాంత్రికుడున్నాడు. ఆటను పరీక్షగా ఆడి చూసినప్పుడు ఆ పాత్ర తీసుకున్న మనిషి గుసగుసగా, గొంతు పూడుకుపోయినట్టు మాట్లాడాడు. కాగితం మీద అది లేదు. రచయితలు ఆ గొంతు పట్టుకున్నారు. ఆ గొంతు ఎందుకలా అయింది, శరీరం ఎందుకలా పాడైంది అన్న ప్రశ్నల చుట్టూ పాత్ర పెరిగి, మొత్తం వరుసకే ప్రాణమైంది. నిద్ర మంత్రం వేసేటప్పుడు అతను గులాబీ రేకులు తీస్తాడు. ఆట నియమంలో నిద్ర మంత్రానికి సన్నని ఇసుక, గులాబీ రేకులు, కీచురాయిల్లో ఏదో ఒకటి కావాలని ఉంది, అదే ఇక్కడికి వచ్చింది. మంత్రం వేశాక కూలబడతాడు, పొద్దున్నే పుస్తకం ముందు కూర్చుంటాడు. నియమం అక్కడ అలసటగా మారింది. నియమాన్ని నవలలోకి తేవాల్సింది ఇలాగే, శరీరానికి తెలిసేలా.

అదే మొదటి నవలలో లోపం కూడా ఉంది. అది ఆట పుస్తకం మలుపులను మరీ దగ్గరగా అనుసరించింది. ఒక చోటు, ఒక పోరాటం, ఇంకో చోటు, ఇంకో పోరాటం. రచయితలకే అది ఇరుకనిపించి, తర్వాతి రెండు నవలల్లో ఆట పుస్తకాల కోసం ఆగలేదు. మార్పు చదివితేనే తెలుస్తుంది.

జపాన్ వాళ్ల దారి ఇంకోటి. 1986లో ఒక కంప్యూటర్ పత్రికలో ఆడిన ఆటను ఆడినట్టే, నాటకం సంభాషణల్లా అచ్చువేశారు. దాన్ని ‘రీప్లే’ అంటారు. ఆ రీప్లే నుంచి 1988లో రియో మిజునో ‘లోడాస్ యుద్ధం’ నవల వచ్చింది. అందులో ‘ఎల్ఫ్’ అనే మాయాజాతి యువతి డీడ్‌లిట్ పాత్రను బల్ల దగ్గర ఆడింది ఒక పురుషుడు. ఇవాళ జపాన్ బొమ్మల్లో ఎల్ఫ్‌లకు కనిపించే ఆ పొడవాటి చెవులకు ఆమె బొమ్మే ఒరవడి. ఆ రీప్లే వెనకున్న బృందమే 1989లో తమ సొంత ఆట చేసినప్పుడు, 20 ముఖాల పాచిక దొరకడం కష్టమని, ఏ దుకాణంలోనైనా దొరికే ఆరు ముఖాల పాచికలు రెండిటితోనే నియమాలన్నీ కట్టారు. మనకూ ఇది ఉపయోగపడే విషయం. లూడో డబ్బాలో పాచిక లేని ఇల్లు అరుదు. రెండు పాచికల మొత్తంలో 7 పడే అవకాశం 36లో 6, 12 పడేది 36లో 1. ఒంటి పాచికలో అన్ని అంకెలకూ సమాన అవకాశం కాబట్టి ఫలితాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. రెండిటిలో నడిమి అంకెలు ఎక్కువ పడతాయి, నేర్పున్నవాడు నేర్పున్నవాడిలాగే కనిపిస్తాడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఈ పద్ధతే.

తెలుగులో ఫాంటసీ రాయాలనుకునేవాళ్లు బల్ల ఆటను కసరత్తుగా వాడుకోవచ్చు. నలుగురు ఆటగాళ్లు చాలు. ఆరుగురైతే ఒక్కొక్కరి వంతు రావడానికి పది నిమిషాలు పడుతుంది, ఫోన్లు బయటికొస్తాయి. ఒక సెషన్ మూడు గంటలు మించకూడదు. నాలుగైదు సెషన్లలో ఒక కథ ముగించాలి. ఏడాది సాగే ప్రపంచకథ అని మొదలుపెడితే, పరీక్షలకో పెళ్లిళ్లకో ఒకరు తగ్గి అది మూడో నెలలో ఆగిపోతుంది. ఆట మొదలవకముందు ప్రతి ఆటగాడూ రెండు వాక్యాలు రాయాలి: నా పాత్రకు ఏం కావాలి, దానికోసం ఏం మాత్రం చేయదు. రెండో వాక్యం లేకపోతే పాత్ర లేనట్టే. లోకం గురించి మాస్టర్ ముందుగా ఒక పేజీకి మించి రాయకూడదు. 40 పేజీల రాజవంశ చరిత్ర రాసిన మాస్టరుకు ఆటగాళ్లు అటు వెళ్లకపోతే కోపం వస్తుంది, బలవంతంగా అటు తోస్తాడు. బల్ల ఆటలు చెడిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం అదే.

సెషన్ అవగానే, లేవకముందే, పది నిమిషాలు కూర్చుని నాలుగు విషయాలు రాసిపెట్టండి. ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, దానికి ఏం పోగొట్టుకున్నారు, ఏ చిన్న పాత్ర గురించి ఆటగాళ్లు మళ్లీ అడిగారు, ఎక్కడ అందరికీ విసుగొచ్చింది. పూటకూళ్లమ్మ గురించి రెండుసార్లు అడిగి, రాజు గురించి ఒక్కసారీ అడగకపోతే, నవలలో ఎవరికి చోటివ్వాలో తెలిసిపోయింది.

తెలుగులో ఆడితే ఇంగ్లిషు బల్లకు లేని లాభం ఒకటుంది. పూటకూళ్లమ్మతో మొదటి మాట మాట్లాడాలంటే ఆటగాడు ‘నువ్వు’ అనాలో ‘మీరు’ అనాలో ‘అమ్మా’ అనాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఆమె తిరిగి ‘బాబూ’ అంటుందా, ‘దొరా’ అంటుందా, ‘ఏందయ్యా’ అంటుందా అన్నది మాస్టర్ తేల్చాలి. ఆ రెండు మాటల్లో ఆ లోకంలో ఎవరు పైన, ఎవరు కింద, ఏ ప్రాంతపు యాస అన్నది స్థిరపడిపోతుంది. ఏ నియమాల పుస్తకంలోనూ దీనికి పట్టిక లేదు. ‘‘నేను అటాక్ చేస్తా, డామేజ్ ఎంత’’ అని సగం ఇంగ్లిషులో ఆడేస్తే ఈ లాభం చేజారుతుంది.

ఇక నవలగా మార్చేటప్పుడు. మొదటి చిక్కు కాలం. ఇప్పటి నియమాల్లో పోరాటంలో ఒక రౌండు 6 సెకన్లు. ఆరు రౌండ్ల పోరు బల్ల మీద గంట పడుతుంది, కథలో అది 36 సెకన్లే. బల్ల దగ్గర అది ఉత్కంఠ, ఎందుకంటే పాచిక మన చేతిలో ఉంది. పాఠకుడి చేతిలో పాచిక లేదు. ఆ గంటను అరపేజీకి కుదించండి. రెండో చిక్కు అదృష్టం. 20 ముఖాల పాచికలో 20 పడే అవకాశం 100కి 5. పడితే బల్లంతా కేకలు. అదే సంఘటన కాగితం మీద పెడితే రచయిత గట్టెక్కించాడంటారు. దురదృష్టాన్ని ఉంచుకోండి, అదృష్టాన్ని తీసేయండి. తీసేసినచోట పాత్ర ఏదో ఒకటి పోగొట్టుకుని బయటపడాలి. మూడోది, నలుగురూ సమానమైన హీరోలు కావడం. బల్ల దగ్గర అది న్యాయం, నవలలో చెదురు. ఒకరి కంటితో చూడండి. నాలుగోది చాలామంది మరిచిపోయేది: మిగతా పాత్రలు ఆటగాళ్లు కల్పించినవి. అచ్చువేయకముందు వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. లేదంటే పేరు, గతం, గొంతు మార్చేయాలి.

శీర్షికలో పెట్టిన రాక్షసుడి మాటకు వస్తాను. 1977లో వచ్చిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’ అనే ఆట పుస్తకంలో రాక్షసుడు ఆ పేరుతోనే ఉన్నాడు. మొదట ఇండియాలో కనిపించిన దుష్టాత్మలని వర్ణన. పక్కన డేవిడ్ ట్రాంపియర్ గీసిన బొమ్మ: పులితల, దొరల కోటు, చేతిలో పొగగొట్టం. దీవించిన క్రాస్‌బో బాణం తగిలితే తక్షణం చస్తాడని నియమం. వాల్మీకిలో వెతికితే ఆ బాణం దొరకదు. 1974 డిసెంబరులో అమెరికన్ టీవీలో ‘కోల్చాక్’ అనే ధారావాహికలో రాక్షసుడి కథ ఒకటి వచ్చింది. అందులో వాడు, చూసేవాళ్లు ఎవర్ని నమ్ముతారో ఆ మనిషి రూపంలో దగ్గరికొస్తాడు, దీవించిన క్రాస్‌బో బాణంతో చస్తాడు. ఆటలోకి రెండూ అలాగే దిగాయి. టీవీలో వాడు ఒళ్లంతా బొచ్చున్న జంతువు. పులితల ఆట పుస్తకం బొమ్మది. తర్వాతి ఎడిషన్లలో అరచేతులు వెనక్కి తిరిగాయి. కామరూపం ఒక్కటే మన రాక్షసుడిది మిగిలింది. మారీచుడు బంగారు లేడి అయ్యాడు కదా, అది.

పులితల మీద నాకు అభ్యంతరం లేదు. రూపాలు దేశాలు తిరిగితే మారతాయి. అభ్యంతరం ఆ పక్కన ఉన్న చిన్న మాట మీద. ప్రతి జీవికీ ధర్మాధర్మాల గుర్తు ఒకటి అచ్చువేస్తారు. రాక్షసుడికి వేసింది ‘దుష్టుడు’. జాతి మొత్తానికి. ఆ నియమంతో విభీషణుడు పుట్టలేడు. హిడింబి పాండవుల ఇంటి కోడలు కాలేదు. ఘటోత్కచుడు కురుక్షేత్రంలో పాండవుల కోసం ప్రాణమివ్వలేడు. మన ఇతిహాసాల్లో రాక్షసుల కథల్లో ఏవి మనసులో నిలిచాయో వాటినే ఆ ఒక్క మాట చెరిపేస్తుంది. ఇంగ్లిషు ఫాంటసీ చదివి మళ్లీ తెలుగులో రాక్షసుణ్ణి రాసే కుర్రవాడు ఆ చెరిపేసిన బొమ్మను తెచ్చుకుంటే, నష్టం ఆ అమెరికన్ పుస్తకానికి కాదు.

దీనికి మార్గం చేతిలోనే ఉంది. 2023 జనవరిలో ఈ ఆట హక్కుదారులు అయిదో ఎడిషన్ మూల నియమావళి 5.1ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు. దాదాపు 400 పేజీలు. మూలం ఎవరిదో చెబుతూ నిర్దేశించిన వాక్యం అచ్చువేస్తే చాలు. ఎవరైనా తెలుగు చేయవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అందులో రాక్షసుడి పేజీ ఉంది: రక్షణ అంకె 16, ప్రాణబలం 110, సవాలు స్థాయి 13. మంచివాళ్లు పట్టిన మాయాయుధపు పోటు వాడికి రెట్టింపు తగులుతుంది. టీవీ బాణం నీడ ఇంకా పోలేదు. లైసెన్సు నియమావళికే వర్తిస్తుంది, ఆట పుస్తకాల్లోని బొమ్మలకూ ప్రత్యేక లోకాలకూ వర్తించదు. కాబట్టి పాత బొమ్మ తీసుకోకూడదు, కొత్తది గీయించుకోవాలి.

400 పేజీలూ ఒకేసారి ఎవరూ చేయలేరు. మీ పత్రిక పిల్లల పేజీలో ఆ ఒక్క పేజీతో మొదలుపెట్టమని నా మనవి. ‘దుష్టుడు’ అన్నచోట ‘మనిషిని బట్టి’ అని రాయండి. బాణం నియమం కొట్టేయండి. కామరూపం ఉంచండి, రూపం మారినప్పుడు ఏదో ఒక గుర్తు మిగలాలని చేర్చండి. లేడి బంగారు రంగులో ఉండటం లాంటిది, సీతకు అబ్బురంగా, లక్ష్మణుడికి అనుమానంగా కనిపించేది. ఆ గుర్తు పట్టడానికి రెండు పాచికల మొత్తం 9 గానీ పైన గానీ పడాలి, 36లో 10 అవకాశాలు. కింద మూలం తెలిపే వాక్యం మరవకండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం